మాట వెనక మూట

2017 అక్టోబరులో న్యూ ఆర్లియన్స్ నగర పాలక మండలి ఒక బహిరంగ విచారణ జరిపింది. ఎంటర్జీ అనే విద్యుత్ కంపెనీ ఊరి తూర్పు భాగంలో సహజవాయువుతో నడిచే ప్లాంటు కడతామని దరఖాస్తు పెట్టుకుంది. దాని మీద జనం మాట వినడానికే ఆ సభ. నారింజ రంగు టీషర్టులు తొడుక్కున్నవాళ్లు పదులకొద్దీ ముందే వచ్చి కుర్చీలు పట్టేశారు. స్వచ్ఛమైన ఇంధనం, మంచి ఉద్యోగాలు, నమ్మకమైన కరెంటు అని ఆ చొక్కాల మీద అచ్చేసి ఉంది. ప్లాంటు కావాలని ఎవరన్నా చప్పట్లు మోగాయి. ఆ చొక్కాల వాళ్లలో కొందరు మైకు దగ్గరికి వెళ్లి మాట్లాడారు కూడా. ప్లాంటు వద్దనడానికి వచ్చిన స్థానికుల్లో కొందరికి లోపల చోటే దొరకలేదు. 2018 మార్చిలో మండలి ప్లాంటుకు అనుమతిచ్చింది. రెండు నెలలకు ది లెన్స్ అనే స్థానిక వార్తాసంస్థ గుట్టు రట్టు చేసింది. ఆ చొక్కాల వాళ్లలో చాలామంది నటులు. కూర్చుని చప్పట్లు కొట్టినందుకు 60 డాలర్లు, మైకులో మాట్లాడితే 200 డాలర్లు. ఈ సంగతి బయట చెప్పబోమని వాళ్ల చేత సంతకాలు కూడా పెట్టించుకున్నారు. కిరాయి జనం సంగతి తమకు తెలియదని ఎంటర్జీ అంది. నగరం 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ప్లాంటు మాత్రం ఆగలేదు. 2020లో అది పని మొదలుపెట్టింది.

ఈ ఏటి స్మారకోపన్యాసానికి విషయం ఇదే: ఎన్నికల్లోనూ ప్రచారంలోనూ పారే డబ్బు, భూమి వేడెక్కడం అబద్ధమనే వాదం, ఈ రెండింటికీ అమెరికాలో కుదిరిన పొత్తు. అక్కడి గొడవ మనకెందుకని ఈ సభలో ఎవరూ అడగకపోవచ్చు. మనలో చాలామందికి పిల్లలో తోబుట్టువులో అక్కడే ఉన్నారు. పైగా బొగ్గు, చమురు, గ్యాసు కాల్చగా ఇప్పటిదాకా ప్రపంచంలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు ఆ ఒక్క దేశానిదే. అక్కడి సెనేట్‌లో ఒక బిల్లు మూలన పడితే ఆ బరువు బంగాళాఖాతం ఒడ్డున ఉన్నవాళ్లూ మోయాలి.

కంపెనీలకు తెలియక జరిగింది ఏమీ లేదు. 1959 నవంబరులో చమురు పరిశ్రమ నూరేళ్ల పండుగకు న్యూయార్క్‌లో పెద్దలంతా చేరినప్పుడు, భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్ వేదిక మీద నిలబడి, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మంచు కరిగి తీరప్రాంత నగరాలు మునుగుతాయని హెచ్చరించాడు. 1977లో జేమ్స్ బ్లాక్ అనే ఎక్సాన్ శాస్త్రవేత్త అదే సంగతి సొంత కంపెనీ పెద్దలకు విడమరచి చెప్పాడు. ఎక్సాన్ ఆ మాట కొట్టిపారేయలేదు. తన చమురు ఓడ ఎస్సో అట్లాంటిక్‌లో పరికరాలు బిగించి గాలిలో, సముద్రపు నీటిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిపించింది. 1982లో కంపెనీ లోపల తిరిగిన ఒక పత్రంలో గ్రాఫు గీసి ఉంది. దాని లెక్క ప్రకారం 2019 నాటికి గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు 415 పాళ్ల దాకా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, ఉష్ణోగ్రత 0.9 డిగ్రీల దాకా పెరుగుతుంది. 2019 మే నెలలో హవాయిలోని మౌనా లోవా కేంద్రంలో కొలత మొదటిసారి 415 దాటింది. ముప్పై ఏడేళ్ల ముందు గీసిన గీత అంత దగ్గరగా వచ్చింది. 2023లో సైన్స్ పత్రికలో సుప్రాన్, రామ్‌స్టార్ఫ్, ఒరెస్కెస్ ప్రచురించిన పరిశోధన, ఎక్సాన్ శాస్త్రవేత్తల అంచనాలు చాలావరకు నిజమయ్యాయని లెక్క కట్టి చూపింది.

అలాంటి శాస్త్రవేత్తలకు జీతాలిచ్చిన కంపెనీయే 1989లో పుట్టిన గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్‌లో చేరింది. చమురు, బొగ్గు, కార్ల కంపెనీల కూటమి అది. అంతకు ముందు ఏడాది, 1988 జూన్ 23న, నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ సెనేట్ కమిటీ ముందు, భూమి వేడెక్కుతోందని 99 శాతం నమ్మకంతో చెప్పగలనన్నాడు. కూటమి ఆ నమ్మకాన్ని కదిలించే పని పెట్టుకుంది. 1995లో కూటమికి సలహాలిచ్చే నిపుణులే గ్రీన్‌హౌస్ ప్రభావానికి ఉన్న శాస్త్రీయ ఆధారాన్ని కాదనలేమని తమ పత్రంలో రాశారు. ఆ పత్రం లోపలే ఉండిపోయింది. బయటి ప్రకటనల్లో మాత్రం శాస్త్రం ఇంకా తేలలేదనే పాట సాగింది. 1998లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ కూర్చోబెట్టిన బృందం రాసుకున్న ప్రణాళిక పత్రికలకు చిక్కింది. వాతావరణ శాస్త్రంలో సందేహాలున్నాయని సామాన్య పౌరుడు నమ్మిన రోజే తాము గెలిచినట్టని అందులో ఉంది. సిగరెట్ కంపెనీల పాఠమే ఇది. బ్రౌన్ అండ్ విలియమ్సన్ కంపెనీ 1969 నాటి పత్రంలో, మేం తయారు చేసే సరుకు సందేహమేనని రాసుకుంది. వైద్యులు తప్పని నిరూపించాల్సిన పని లేదు, ఇంకా తేల్చుకోవాల్సింది ఉందనిపిస్తే చాలు. ఆ ఎత్తుగడే చేతులు మారి వచ్చింది. కొన్నిచోట్ల మనుషులు కూడా వాళ్లే. నయోమి ఒరెస్కెస్, ఎరిక్ కాన్వే 2010లో రాసిన మర్చంట్స్ ఆఫ్ డౌట్ ఆ పేర్లను వరసపెట్టి చూపింది.

అయినా ఇరవై ఏళ్ల పాటు రాజకీయం పూర్తిగా మూతపడలేదు. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. 2003లో రిపబ్లికన్ జాన్ మెకెయిన్, డెమొక్రాట్ జో లీబర్‌మన్ కలిసి కార్బన్‌కు పరిమితి పెట్టే బిల్లు తెస్తే సెనేట్‌లో 43 ఓట్లు పడ్డాయి. 2008 అధ్యక్ష ఎన్నికల్లో అభ్యర్థులు ఇద్దరూ, ఒబామా, మెకెయిన్, కార్బన్ మీద పరిమితి కావాలన్నవారే. ఆ ఏడాదే రిపబ్లికన్ న్యూట్ గింగ్రిచ్, డెమొక్రాట్ నాన్సీ పెలోసీ ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని వాతావరణం కోసం పనిచేయాలని టీవీ ప్రకటనలో చెప్పారు. 2009 జూన్ 26న కార్బన్‌కు పరిమితి పెట్టే వాక్స్‌మన్-మార్కీ బిల్లు ప్రతినిధుల సభలో 219-212 తేడాతో గట్టెక్కింది. అనుకూలంగా ఓటేసిన వాళ్లలో ఎనిమిది మంది రిపబ్లికన్లున్నారు.

ఆ ఓటుకు ముందు వర్జీనియా ప్రతినిధి టామ్ పెరియెల్లో ఆఫీసుకు ఉత్తరాలు వచ్చాయి. ఈ బిల్లు వస్తే కరెంటు బిల్లులు పెరుగుతాయి, పేదలు నలిగిపోతారు, వద్దని ఓటేయండి అని వాటి సారాంశం. ఒకటి షార్లట్స్‌విల్‌లో లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్ల కోసం పనిచేసే చిన్న సేవాసంస్థ లెటర్‌హెడ్ మీద ఉంది. కొన్ని నల్లజాతివారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖ పేరుతో ఉన్నాయి. ఆ సంస్థలు ఏ ఉత్తరమూ రాయలేదు. సంతకాల్లోని పేర్లు కల్పితం. బానర్ అండ్ అసోసియేట్స్ అనే లాబీయింగ్ కంపెనీలో ఆ ఉత్తరాలు తయారయ్యాయి. తాత్కాలిక ఉద్యోగి ఒకడు చేశాడని కంపెనీ చెప్పింది. ఆ కంపెనీకి పని అప్పగించింది హాథార్న్ గ్రూప్. హాథార్న్‌కు డబ్బిచ్చింది బొగ్గు పరిశ్రమ కూటమి. ఎనిమిదేళ్ల తర్వాత న్యూ ఆర్లియన్స్ సభకు కిరాయి జనాన్ని కుదిర్చిన సంస్థతో ఎంటర్జీ తరఫున మాట్లాడిందీ హాథార్న్ గ్రూపే. తన పేరుతో ఇంకెవరో ఉత్తరం రాశారని ఆ చిన్న సేవాసంస్థకు తెలిసేసరికి సభలో ఓటింగ్ అయిపోయింది. పేదవాడి నోట పెట్టిన మాటకు ఖర్చు పెట్టింది బొగ్గు పరిశ్రమ. ఈ వ్యవహారంలో మనసు కలుక్కుమనే చోటు ఇదే. పెరియెల్లో అయినా బిల్లుకే ఓటేశాడు, 2010లో ఓడిపోయాడు.

ఇక 2010. ఆ ఏడాది జనవరి 21న అమెరికా సుప్రీంకోర్టు సిటిజన్స్ యునైటెడ్ కేసులో 5-4 తీర్పిచ్చింది. అభ్యర్థి చేతికి ఇవ్వకుండా విడిగా ఖర్చు పెట్టేటట్టయితే, కంపెనీలు ఎన్నికల ప్రచారానికి ఎంతైనా వెచ్చించవచ్చు. అది వాక్‌స్వాతంత్ర్యంలో భాగం. మార్చిలో స్పీచ్‌నౌ కేసులో దిగువ కోర్టు మరో అడుగు వేసింది. అలా పుట్టినవే, పరిమితి లేకుండా చందాలు పోగేసి ప్రచారానికి ఖర్చు పెట్టే సూపర్ ప్యాక్‌లు. వాటికి తోడు సామాజిక సంక్షేమ సంస్థలుగా నమోదైన సంఘాలున్నాయి. దాతల పేర్లు జనానికి చెప్పాల్సిన అవసరం వాటికి చాలావరకు లేదు. ఒక విషయం చాలామంది మరిచిపోతారు. అదే తీర్పులో, ఎవరు ఖర్చు పెట్టారో బయటపెట్టాలన్న నిబంధనను 8-1 తేడాతో న్యాయమూర్తులు సమర్థించారు. ఇంటర్నెట్ కాలంలో పేర్లు వెంటనే బయటికొస్తాయని, జనమే తేల్చుకుంటారని జస్టిస్ కెనెడీ భరోసా పెట్టుకున్నారు. ఆ భరోసాకు చట్టం తోడు రాలేదు. పేర్లు చెప్పాలనే డిస్‌క్లోజ్ బిల్లుకు 2010 సెప్టెంబరులో సెనేట్‌లో 59 ఓట్లొచ్చాయి. కావాల్సినవి 60.

డబ్బు ఓటరు మనసు మారుస్తుందా అన్న దాని మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాయకుడి మనసు మీద దాని పని మాత్రం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. సౌత్ కరోలినా ప్రతినిధి బాబ్ ఇంగ్లిస్ సంగతి చూడండి. గర్భస్రావం, తుపాకులు, పన్నులు, ఏ విషయంలో చూసినా గట్టి సంప్రదాయవాది. వాతావరణ మార్పును ఆయన కూడా మొదట్లో కొట్టిపారేసినవాడే. 2004లో పెద్దకొడుకుకు ఓటు వయసు వచ్చింది. నాన్నా, నీకు ఓటేస్తాను గానీ పర్యావరణం విషయంలో నీ తీరు మార్చుకో అన్నాడు. తర్వాత ఇంగ్లిస్ అంటార్కిటికా వెళ్లి మంచు పొరల్లో చిక్కుకున్న పాతకాలపు గాలిని శాస్త్రవేత్తలు ఎలా కొలుస్తారో దగ్గరుండి చూశాడు. ఆస్ట్రేలియా పగడపు దిబ్బల దగ్గర ఈతకెళ్లి, అక్కడ పనిచేసే శాస్త్రవేత్తతో మాట్లాడి వచ్చాడు. 2009లో కార్బన్ మీద పన్ను వేసి, ఆ మేరకు జీతాల మీద పన్ను తగ్గించాలని బిల్లు పెట్టాడు. 2010 జూన్‌లో సొంత పార్టీ ప్రైమరీలోనే ట్రే గౌడీ చేతిలో ఓడిపోయాడు, గౌడీకి 70 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. ఇది ఒక్క డబ్బు చేసిన పని కాదు. బ్యాంకుల బెయిలవుట్‌కు ఓటేశాడన్న కోపం ఉంది, టీ పార్టీ ఉద్యమపు గాలి ఉంది. కానీ ఆ ఫలితం నుంచి మిగతా రిపబ్లికన్లు నేర్చుకున్న పాఠం మటుకు ఒకటే.

ఆ పాఠం మరిచిపోకుండా చూసే సంస్థలు ఉన్నాయి. పారిశ్రామికవేత్తలైన కోక్ సోదరుల అండతో పెరిగిన అమెరికన్స్ ఫర్ ప్రాస్పెరిటీ, వాతావరణం పేరిట ప్రభుత్వ ఆదాయం పెంచే ఏ చట్టానికీ ఓటేయనని నాయకుల చేత ప్రతిజ్ఞాపత్రం మీద సంతకాలు పెట్టించింది. 2013 నాటికి పదవుల్లో ఉన్న 400 మందికి పైగా సంతకం చేశారు. రిపబ్లికన్ అభ్యర్థి ఎవరైనా ఈ విషయంలో వాతావరణ చర్యల వైపు మొగ్గితే రాజకీయంగా ముప్పు తెచ్చుకున్నట్టేనని ఆ సంస్థ అధ్యక్షుడు టిమ్ ఫిలిప్స్ 2011లో దాపరికం లేకుండా చెప్పారు. రోడ్ ఐలాండ్ సెనేటర్ షెల్డన్ వైట్‌హౌస్ ఇందులోని కీలకాన్ని పట్టుకున్నారు. అపరిమితంగా ఖర్చు పెట్టగలవాడు నిజంగా ఖర్చు పెట్టనక్కర్లేదు, పెడతాడేమో అన్న భయం చాలు. ఆ బెదిరింపు ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడదు. 2010కి ముందు రెండు పార్టీల వాళ్లూ కలిసి తెచ్చిన వాతావరణ బిల్లులు సెనేట్‌లో ఉండేవనీ, సిటిజన్స్ యునైటెడ్ తీర్పు తర్వాత రిపబ్లికన్ల పక్క నుంచి చడీచప్పుడు లేదనీ ఆయన ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. 2012 ఏప్రిల్ నుంచి సభ జరిగే వారాల్లో ఆకుపచ్చ బోర్డు ఒకటి పక్కన నిలబెట్టుకుని, మేల్కోండి అంటూ మాట్లాడేవారు. 2021 జనవరికి ఆ ప్రసంగాలు 279 అయ్యాయి. చాలాసార్లు ఎదురుగా ఖాళీ కుర్చీలే. 2012లో అధ్యక్ష అభ్యర్థులు ఒబామా, రామ్నీల మధ్య మూడు చర్చలు జరిగితే వాతావరణ మార్పు ఊసే రాలేదు. చివరి చర్చ అయిన వారానికి శాండీ తుఫాను న్యూయార్క్ సొరంగ రైలు మార్గాలను ముంచేసింది.

పాపం ఒక పార్టీ మీదే నెట్టడం సరికాదు. 2010లో వెస్ట్ వర్జీనియా డెమొక్రాట్ జో మాంచిన్ తన ఎన్నికల ప్రకటనలో కార్బన్ బిల్లు కాగితానికి తుపాకీ గురిపెట్టి కాల్చి చూపించాడు. ఆ రాష్ట్రంలో బొగ్గు గని మూతపడితే ఊరే మూతపడుతుంది. ఆ కార్మికుడి భయం నిజమైంది, దానికి సమాధానం చెప్పకుండా ఏ వాతావరణ విధానమూ నిలబడదు. ఇటు పక్క కూడా కోటీశ్వరులున్నారు. 2014లో టామ్ స్టెయర్ వాతావరణం పేరు మీద సొంత డబ్బు 7 కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించాడు. ఆయన బలపరిచిన అభ్యర్థుల్లో చాలామంది ఓడారు. స్టెయర్ పేరు మాత్రం అందరికీ తెలుసు, దాన్ని పెట్టుకుని ప్రత్యర్థులు ఆయన్ను తిట్టారు కూడా. అది న్యాయమే. వాదం ఎవరిదో తెలిస్తే ఎదురు వాదం సాధ్యమవుతుంది.

పేరు తెలియని డబ్బు సంగతి వేరు. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూల్ 2013లో వాతావరణ చర్యలను ఎదిరించే 91 సంస్థల లెక్కలు తిరగేశాడు. 2003 నుంచి 2010 దాకా వాటి ఆదాయం ఏడాదికి సగటున 90 కోట్ల డాలర్ల పైమాటే. అదంతా వాతావరణ ప్రచారానికే పెట్టారనుకుంటే పొరపాటు, ఆ సంస్థలు చేసే ఇతర పనులు చాలా ఉన్నాయి. బ్రూల్ కూడా అలా చెప్పలేదు. ఆయన కనిపెట్టిన అసలు విషయం ఇంకొకటి. ఎక్సాన్‌మొబిల్, కోక్ ఫౌండేషన్ల పేరుతో కనబడే విరాళాలు తగ్గుతూ పోయాయి, దాత పేరు చెప్పనక్కర్లేని డోనర్స్ ట్రస్ట్ వంటి నిధుల నుంచి వచ్చేవి పెరుగుతూ పోయాయి.

ఇక్కడ 2021 ఫిబ్రవరి నాటి టెక్సస్ సంగతి చెప్పుకోవాలి. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ శివార్లలో వేల తెలుగు కుటుంబాలున్నాయి. యూరి మంచు తుఫానుకు 45 లక్షల ఇళ్లలో కరెంటు పోయింది. పైపులు పగిలాయి, ఇంట్లో దుప్పట్ల కింద వణుకుతూ జనం రాత్రులు గడిపారు. ప్రభుత్వ లెక్కల్లోనే 246 మంది చనిపోయారు. చీకట్లో ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఒక ఫోటో కనబడింది: గడ్డకట్టిన గాలిమర మీద హెలికాప్టర్ మంచు కరిగించే ద్రవం చల్లుతోంది. అది టెక్సస్‌ది కాదు, ఏళ్ల కిందట స్వీడన్‌లో తీసింది. 16వ తేదీన గవర్నర్ గ్రెగ్ అబాట్ ఫాక్స్ న్యూస్‌లో గాలి, సౌర విద్యుత్తుల మీద నింద మోపారు. అన్ని రకాల ప్లాంట్లూ దెబ్బతిన్నాయని మర్నాడు ఒప్పుకున్నారు గానీ మొదటి మాట అప్పటికే ఊరూవాడా తిరిగింది. నవంబరులో కేంద్ర నియంత్రణ సంస్థల నివేదిక వచ్చింది. అనుకోకుండా ఆగిన ఉత్పత్తి యూనిట్లలో 58 శాతం గ్యాసువే. చలికి తట్టుకునే ఏర్పాట్లు లేక పరికరాలు గడ్డకట్టాయి, గ్యాసు సరఫరా ఆగింది. తుఫాను రోజుల్లో గ్యాసు ధర ఆకాశాన్నంటడంతో ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ అనే పైపులైన్ల కంపెనీకి 240 కోట్ల డాలర్ల లాభం వచ్చింది. ఆ ఏడాదే జూన్‌లో ఆ కంపెనీ ఛైర్మన్ కెల్సీ వారెన్ అబాట్ ప్రచార నిధికి 10 లక్షల డాలర్లిచ్చారు. చట్టప్రకారం అందులో తప్పు లేదు. టెక్సస్ గవర్నర్ ఎన్నికల్లో ఒక వ్యక్తి ఇచ్చే విరాళానికి పరిమితే లేదు. కానీ ఈ విరాళం పేరుతో సహా రికార్డులో ఉంది. అందుకే దాన్ని గురించి ఈ సభలో మాట్లాడగలుగుతున్నాం.

మన దేశంలో 2018 నుంచి ఆ వీలు కూడా లేకుండా పోయింది. కంపెనీలు ఎన్నికల బాండ్లు కొని పార్టీలకిస్తే ఎవరిచ్చారో ఓటరుకు తెలిసేది కాదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆ పథకాన్ని కొట్టేశారు. పార్టీలకు డబ్బెవరిస్తున్నారో తెలుసుకోవడం ఓటరు హక్కన్నారు. జాబితా బయటికొచ్చాక, 966 కోట్ల రూపాయలతో బాండ్లు కొన్నవారిలో రెండో స్థానం హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మేఘా ఇంజనీరింగ్‌దని మనకు తెలిసింది. అంతకు ముందు అయిదారేళ్లు తెలుగు ఓటరు ఆ ముక్క తెలియకుండానే ఓటేశాడు.

అమెరికాలో 2024 ఎన్నికలకు మొత్తం దాదాపు 1,600 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని ఓపెన్ సీక్రెట్స్ సంస్థ లెక్క. ఆ ఏప్రిల్‌లో ట్రంప్ ఫ్లోరిడాలోని తన నివాసంలో చమురు కంపెనీల పెద్దలకు విందిచ్చి, 100 కోట్ల డాలర్లు సమకూర్చమన్నారనీ, పర్యావరణ నిబంధనలు ఎత్తేస్తానన్నారనీ వాషింగ్టన్ పోస్ట్ రాసింది. 2025 జనవరి 20న, పదవి చేపట్టిన రోజునే, పారిస్ ఒప్పందం నుంచి తప్పుకునే ఉత్తర్వు మీద సంతకం చేశారు.

డబ్బు, ప్రచారం, చట్టం మూడూ ఒకే చేతిలో పడితే ఏమవుతుందో పూర్తిగా బయటపడిన కేసు ఒహాయోది. అది ఎఫ్‌బీఐ పట్టుకుంది కాబట్టి తెలిసింది. ఫస్ట్ ఎనర్జీ అనే విద్యుత్ కంపెనీ జనరేషన్ నౌ అనే సంక్షేమ సంస్థకు 6 కోట్ల డాలర్ల దాకా మళ్లించింది. దాతల పేర్లు చెప్పనక్కర్లేని కోవకు చెందిన సంస్థే అదీ. దాని వెనక ఉన్నది లారీ హౌస్‌హోల్డర్ అనే నాయకుడు. ఆ డబ్బుతో 2018లో తనకు కావలసినవాళ్లను గెలిపించుకున్నాడు, 2019 జనవరిలో రాష్ట్ర సభకు స్పీకరయ్యాడు, జూలైలో హెచ్‌బీ 6 చట్టం చేయించాడు. నష్టాల్లో ఉన్న రెండు అణువిద్యుత్ ప్లాంట్లకు, రెండు పాత బొగ్గు ప్లాంట్లకు వినియోగదారుల బిల్లుల నుంచి డబ్బు అందేలా, పునరుత్పాదక విద్యుత్ లక్ష్యాలకు కోత పడేలా ఆ చట్టం రాశారు. దాన్ని రద్దు చేయాలని పౌరులు సంతకాల సేకరణ మొదలుపెడితే, చైనా ప్రభుత్వం మన కరెంటు వ్యవస్థలోకి చొరబడుతోందని టీవీల్లో ప్రకటనలు వేశారు. సంతకాలు సేకరించేవాళ్లను డబ్బుతో తప్పించాలని చూశారు. పౌరుల రద్దు ప్రయత్నం వీగిపోయింది.

2020 జూలైలో హౌస్‌హోల్డర్ అరెస్టయ్యాడు. 2023లో 20 ఏళ్ల జైలు శిక్ష పడింది. కంపెనీ 23 కోట్ల డాలర్లు కట్టింది. 2021లో అణుప్లాంట్ల సబ్సిడీ రద్దు చేశారు. పునరుత్పాదక లక్ష్యాల కోతను మాత్రం వెనక్కి తీసుకోలేదు. బొగ్గు ప్లాంట్ల సబ్సిడీ కూడా అలాగే ఉండిపోయింది. 2025లో మరో చట్టం వచ్చి ఆపేదాకా ఒహాయో ఇళ్లవాళ్లు ప్రతి నెలా కరెంటు బిల్లులో ఆ సొమ్ము కడుతూనే ఉన్నారు. ఆ రెండు బొగ్గు ప్లాంట్లలో ఒకటి, క్లిఫ్టీ క్రీక్, అసలు ఒహాయోలోనే లేదు. పక్క రాష్ట్రం ఇండియానాలో ఉంది.